స్లాష్, ఎఫ్, ఆర్: ఒక మెనూ కథ

విండోస్‌లో ఎక్సెల్ తెరవండి. ఏదో ఒక ఖాళీ గడిలో నిలబడి, ఇంకేమీ కొట్టకుండా స్లాష్ కీ నొక్కండి. గడిలో స్లాష్ గుర్తు పడదు. పైన ఉన్న రిబ్బన్ మీద చిన్న చిన్న అక్షరాలు పొడుచుకొస్తాయి: ఫైల్ దగ్గర ఎఫ్, హోమ్ దగ్గర హెచ్, ఇలా. ఆల్ట్ కీ నొక్కినా ఇదే జరుగుతుంది. మరి ఒకే పనికి రెండు కీలెందుకు? ఆప్షన్స్‌లోకి వెళ్ళి, అడ్వాన్స్‌డ్ అన్న పేజీ అట్టడుగు దాకా దిగితే జవాబు దొరుకుతుంది. అక్కడ 'లోటస్ కంపాటిబిలిటీ' అని ఒక శీర్షిక, దాని కింద మెనూ కీ అని ఒక చిన్న పెట్టె, ఆ పెట్టెలో ఒకే ఒక్క స్లాష్.

లోటస్ 1-2-3 అన్న ప్రోగ్రాము 1983లో వచ్చింది. 2014లో దానికి సపోర్టు కూడా ఆగిపోయింది. దాన్ని ఓడించి మార్కెట్టంతా తనది చేసుకున్న ఎక్సెల్ మాత్రం, ఓడిపోయినవాడి కీని ఇప్పటికీ తీసేయలేదు. నేను పదేళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను, ఎక్సెల్ అంతకంటే ముందునుంచే వాడుతున్నాను. అయినా ఈ స్లాష్ సంగతి నాకు తెలియదు. ఒక పొరపాటు చేశాక, ఎందుకు చేశానా అని వెతుక్కుంటూ పోతే తెలిసింది. ఆ పొరపాటు ముందు చెప్పి, తర్వాత చరిత్రలోకి వెళ్తాను.

చూడకుండా చేసే పని

కొన్నేళ్ళ క్రితం విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తిరగరాసే పని మా చేతికొచ్చింది. వాళ్ళ పాత ప్రోగ్రాము డాస్ కాలంది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, మౌస్ ఊసే లేదు. తెర మీద ఒక జాబితా, ప్రతి మాటలోనూ ఒక అక్షరం పసుపు రంగులో. ఎస్ నొక్కితే సేల్స్, అందులో బి నొక్కితే బిల్, అందులో ఎన్ నొక్కితే కొత్త బిల్లు. అక్కడ లెక్కలు చూసే పెద్దాయన ఇరవయ్యేళ్ళుగా దాని మీదే పని చేస్తున్నారు. నేను రెండు రోజులు ఆయన పక్కన కూర్చుని చూశాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కళ్ళు ఆర్డరు చీటీ మీద పెట్టి, చేతులు కీబోర్డు మీద ఆడించేవారు. తెర వంక చూసేది ఆఖర్న ఒక్కసారి, మొత్తం సరిపోయిందా లేదా అని.

నేను చూశాను గాని, చూసినదేమిటో నాకు అర్థం కాలేదు. పాత ప్రోగ్రాము ముసలిదైపోయింది, కొత్తది ఇవ్వాలి, అంతే నా బుర్రలో ఉన్నది. ప్రోగ్రామర్లు వాడే ఎడిటర్లలో కమాండ్ పాలెట్ అని ఒకటుంటుంది. ఒక కీ నొక్కితే తెర మధ్యలో పెట్టె తెరుచుకుంటుంది, అందులో రెండు మూడు అక్షరాలు కొడితే ఆ పేరున్న ఆదేశాలన్నీ కింద వరసగా వస్తాయి, కావలసినది ఎంచుకుని ఎంటర్ కొట్టడమే. మెనూలు గుర్తుపెట్టుకునే బాధ లేదు. దాన్నే బిల్లింగులో పెట్టాను. ఇంకొంచెం తెలివి చూపించి, ఈమధ్య వాడిన ఆదేశం జాబితాలో పైకి వచ్చేలా చేశాను. డెమోలో అందరూ మెచ్చుకున్నారు. నన్ను నేనూ మెచ్చుకున్నాను.

మూడో వారంలో ఫోనొచ్చింది. ఒక ఆసుపత్రికి వెళ్ళాల్సిన బిల్లు రద్దయిపోయింది. ముందురోజు సాయంత్రం ఆయన వేరే ఏదో బిల్లు క్యాన్సిల్ చేశారట. మర్నాడు, అప్పుడే పూర్తయిన బిల్లుని ప్రింట్ తీద్దామని అలవాటుగా 'బిల్' అని కొట్టి ఎంటర్ నొక్కారు. ఆ పూట నా తెలివైన జాబితాలో పై వరసలో ఉన్నది 'బిల్ ప్రింట్' కాదు, 'బిల్ క్యాన్సిల్'. నిజంగానే రద్దు చేయాలా అని ప్రోగ్రాము అడిగింది. ప్రింటు తీసేటప్పుడూ ఒక ప్రశ్న అడుగుతుంది, దానికీ ఎంటరే సమాధానం. వేళ్ళు ఎంటర్ కొట్టేశాయి. గోడౌనులో చీటీ రాలేదు కాబట్టి పెట్టెలు కదల్లేదు. ఆ బిల్లులో ఇన్సులిన్ ఉంది. సాయంత్రం బండికి వెళ్ళాల్సింది మర్నాటి పొద్దున్న బండికి వెళ్ళింది.

నేను వెళ్ళి క్షమించమని అడిగాను. ఆయన కోప్పడలేదు. "పాతది చూడకుండా చేసేవాణ్ణి బాబూ. దీన్ని ప్రతిసారీ చూడాల్సొస్తోంది. మొన్న ఒక్కసారి చూడ్డం మర్చిపోయాను, అంతే," అన్నారు. మర్చిపోవడం తన తప్పే అన్నట్టు.

తిరిగి హైదరాబాదు వచ్చే బస్సులో ఆ మాటే చెవిలో తిరిగింది. చూడకుండా చేయగలగడం అన్నది ఒక సాఫ్ట్‌వేర్ మనిషికి ఇవ్వగలిగిన వస్తువని, నేను దాన్ని ఆయన దగ్గర్నుంచి తీసేసుకున్నానని అప్పటికి తట్టింది. దాన్ని మొదట ఎవరు ఇచ్చారా అని వెతకడం మొదలుపెట్టాను.

మాటల్లేని అక్షరాలు

1979లో ఆపిల్ 2 కంప్యూటరు కోసం విజికాల్క్ వచ్చింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌ది ఊహ. ప్రోగ్రాము రాసింది అతని స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్. కంప్యూటరు తెర మీద లెక్కల కాగితం పరిచి, ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడ్డ గడులన్నీ వాటంతటవే మారేలా చేసిన మొదటి జనాదరణ పొందిన ప్రోగ్రాము అది. వ్యాపారస్తులు ఈ ఒక్క ప్రోగ్రాము కోసం ఆపిల్ 2 కొన్నారని చెప్తారు.

దాన్ని తయారుచేసేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఆ తెర వెడల్పు 40 అక్షరాలు. మౌస్ లేదు. గడిలో నిలబడి ఏది కొట్టినా అది గడిలో పడాలి: అక్షరంతో మొదలైతే అది మాట, అంకెతో మొదలైతే సంఖ్య. మరి 'ఇది గడిలో వేసేది కాదు, నీతో చెప్పేది' అని యంత్రానికి తెలియజేయడం ఎలా? మాటలు గాని సంఖ్యలు గాని స్లాష్ గుర్తుతో మొదలవ్వవు. కాబట్టి స్లాష్ కొడితే ఆ తర్వాత వచ్చేది ఆదేశమని లెక్క.

స్లాష్ కొట్టగానే తెర పైన 'కమాండ్' అన్న మాట, దాని పక్కన ఖాళీ లేకుండా పేర్చిన అక్షరాలు వచ్చేవి: బి, సి, డి, అలా డబ్ల్యూ దాకా. ఒక్కో అక్షరం ఒక్కో ఆదేశం. ఆర్ అంటే రెప్లికేట్, నకలు తీయడం. ఎస్ అంటే స్టోరేజ్. దాచిన ఫైలు తెరవాలంటే స్లాష్, ఎస్, ఎల్. అక్షరాలైతే ఉన్నాయి, మాటలు లేవు. నేర్చుకున్నవాడికి అది జ్ఞాపిక. నేర్చుకోనివాడికి మంత్రాక్షరాల వరస. పక్కన రిఫరెన్స్ కార్డు పెట్టుకుని కూర్చోవాల్సిందే.

1982లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ మల్టీప్లాన్ దీనికి ఒక జవాబు చెప్పింది. తెర అడుగున పూర్తి మాటలతోనే మెనూ పెట్టింది, అదీ ఇంగ్లీషు అకారాది క్రమంలో: ఆల్ఫా, బ్లాంక్, కాపీ, డిలీట్, ఎడిట్, ఫార్మాట్... ఏ రెండు మాటలూ ఒకే అక్షరంతో మొదలవ్వవు. చివరి మాట ఎక్స్‌టర్నల్. ఇంగ్లీషులో అది ఇ-తో మొదలవ్వాలి. కానీ ఇ అప్పటికే ఎడిట్‌ది. అందుకని మొదటి అక్షరం ఊడబీకి, ఎక్స్‌తో మొదలుపెట్టి రాశారు. నిఘంటువు ఒప్పుకోని ఈ స్పెల్లింగు వెనక ఒక నియమం ఉంది. అది లోటస్‌లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

రెండు వరసల పాఠం

మిచ్ కేపర్ విజికాల్క్‌కి అనుబంధంగా గ్రాఫులు గీసే ప్రోగ్రాములు రాసి, వాటిని అమ్మి, ఆ డబ్బుతో 1982లో లోటస్ మొదలుపెట్టాడు. జొనథన్ సాక్స్ ప్రోగ్రాము రాశాడు. 1983 జనవరిలో ఐబిఎమ్ పీసీ కోసం లోటస్ 1-2-3 వచ్చింది. తెర వెడల్పు 80 అక్షరాలైంది, అంటే మాటలకు చోటు దొరికింది.

స్లాష్ కొడితే తెర పైన ఒక వరసలో ఈ మాటలు వచ్చేవి: వర్క్‌షీట్, రేంజ్, కాపీ, మూవ్, ఫైల్, ప్రింట్, గ్రాఫ్, డేటా, క్విట్. మొదటి మాట మీద వెలుగుతున్న పట్టీ ఒకటి. బాణం కీలతో ఆ పట్టీని పక్కకు జరుపుతుంటే, కింద వరసలో ఆ మాట వెనక ఏముందో కనిపిస్తుంది. ఫైల్ మీదికి వస్తే కింద రిట్రీవ్, సేవ్ వగైరా మాటలు. ఆ లోపలి మాటల్లో ఒకదాని మీదికి వెళ్తే, అది చేసే పని ఒక చిన్న వాక్యంలో. ఎంటర్ కొడితే ముందుకు, ఎస్కేప్ కొడితే ఒక మెట్టు వెనక్కి. తెలియనివాడు చదువుకుంటూ, తడుముకుంటూ వెళ్ళొచ్చు.

బాణాలు అక్కర్లేదనుకుంటే మాట మొదటి అక్షరం కొట్టినా సరిపోతుంది. స్లాష్, ఎఫ్, ఆర్ కొడితే ఫైలు తెరవడానికి సిద్ధం. స్లాష్, డబ్ల్యూ, ఐ, ఆర్ కొడితే వర్క్‌షీట్, ఇన్సర్ట్, రో, అంటే కొత్త అడ్డవరస.

ఇందులో ఉన్న మెలకువ చూడండి. కొత్తగా వచ్చినవాడు చదివే దారి, అనుభవజ్ఞుడు చదవకుండా నడిచే దారి ఒక్కటే. మొదటిరోజు 'ఫైల్' అని చదివి, 'రిట్రీవ్' అని చదివి నడిచినవాడు, నెల తిరిగేసరికి అదే దారిలో ఎఫ్, ఆర్ అంటూ పరిగెత్తుతాడు. షార్ట్‌కట్లని విడిగా నేర్చుకోనక్కర్లేదు. మెనూ వాడడమే షార్ట్‌కట్ నేర్చుకోవడం. ఈరోజు మనం వాడే చాలా సాఫ్ట్‌వేర్లలో ఇలా ఉండదు. మౌస్‌తో మెనూలో వెళ్ళి సేవ్ నొక్కడం ఒక విద్య, కంట్రోల్ ఎస్ ఇంకో విద్య. పదేళ్ళు మొదటిది చేసినా రెండోది దానంతటది రాదు.

ఇది పనిచేయాలంటే ఒక నియమం తప్పకూడదు: ఒకే మెనూలో రెండు మాటలు ఒకే అక్షరంతో మొదలవ్వకూడదు. పైన చెప్పిన తొమ్మిది మాటల మొదటి అక్షరాలు ఇంగ్లీషులో వేసి చూసుకోండి, ఒక్కటీ రెండుసార్లు రాదు. ఫైల్ మెనూలో చెరిపే ఆదేశం ఎరేజ్, షీట్‌లోంచి కొంత భాగం బయటికి తీసే ఆదేశం ఎక్స్‌ట్రాక్ట్. రెండూ ఇ-తో మొదలవ్వాల్సినవి. లోటస్ కూడా మల్టీప్లాన్ చేసిన పనే చేసింది. ఎక్స్‌ట్రాక్ట్ ముందున్న ఇ తీసేసి ఎక్స్‌తో మొదలుపెట్టింది. మన ఛందస్సులో యతి కుదరడం కోసం కవి మాట మార్చుకున్నట్టు, ఇక్కడ వేలి కోసం మాట మార్చుకున్నారు. 1985లో రెండో విడుదలలో 'సిస్టమ్' అన్న కొత్త మాట చేర్చినప్పుడు కూడా అప్పటికి ఎవరూ వాడని ఎస్ అక్షరమే దానికి దక్కింది. పాతవాళ్ళ అక్షరాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

వేళ్ళ భాష

ఈ అక్షరాలు వేళ్ళలోనే ఆగలేదు, గడుల్లోకి కూడా ఎక్కాయి. 1-2-3లో ఏదైనా పని పదేపదే చేయాలంటే, ఆ పనికి నొక్కే కీలన్నిటినీ వరసగా ఒక గడిలో రాసి, దానికి ఒక పేరు పెట్టుకోవచ్చు. ఆల్ట్‌తో పాటు ఆ పేరున్న అక్షరం నొక్కితే, ప్రోగ్రాము ఆ కీలన్నీ తనే నొక్కుకుంటుంది. దీన్నే మాక్రో అన్నారు. ఉదాహరణకి స్లాష్, ఎఫ్, ఎస్, తర్వాత ఎంటర్‌కి గుర్తుగా ఒక టిల్డా, తర్వాత ఆర్. అంటే: ఫైల్, సేవ్, అదే పేరు, పాతదాని మీద రీప్లేస్.

మెనూ మాటల మొదటి అక్షరాలే ఇప్పుడొక ప్రోగ్రామింగ్ భాష. ప్రోగ్రామింగ్ ఎన్నడూ నేర్చుకోని అకౌంటెంట్లు, బ్యాంకు ఉద్యోగులు ఆ భాషలో రాశారు. తాము ప్రోగ్రాములు రాస్తున్నామని వాళ్ళలో చాలామందికి తెలిసి ఉండదు కూడా. రోజూ చేసే పనినే గడిలో రాసి పెట్టుకున్నారు, అంతే.

ఇక్కడే చిక్కొచ్చింది. 1-2-3 ధర 495 డాలర్లు. అంతకంటే చవగ్గానో, మెరుగ్గానో ఇంకో స్ప్రెడ్‌షీట్ తెచ్చేవాళ్ళకి, జనం నేర్చుకున్న అక్షరాలు ఎదురునిలిచాయి. మీ మెనూలో ఫైలు తెరిచే ఆదేశానికి ఇంకో అక్షరం ఉంటే, కొత్తగా వచ్చినవాడి వేళ్ళు తడబడతాయి, వాడు రాసుకున్న మాక్రోలు ఒక్కటీ నడవవు. కాబట్టి పోటీ పడాలంటే లోటస్ మెనూ మాటలు, వాటి వరస ఉన్నదున్నట్టు పెట్టుకోక తప్పదు. అలా పెట్టుకోవచ్చా?

మెనూ ఎవరిది?

మొదట ఇరుక్కున్నది పేపర్‌బ్యాక్ సాఫ్ట్‌వేర్. దాని స్థాపకుడు ఆడమ్ ఆస్బోర్న్ పేరు, చేతపట్టుకుని తీసుకెళ్ళగల తొలి కంప్యూటర్లలో ఒకదాన్ని అమ్మినవాడిగా చరిత్రలో ఉంది. మన పాఠకులకు వాళ్ళ నాన్న పేరు ఎక్కువ తెలిసుండొచ్చు. రమణ మహర్షి మీద పుస్తకాలు రాసిన ఆర్థర్ ఆస్బోర్న్ ఆయనే. ఆడమ్ చిన్నతనం తిరువణ్ణామలైలో గడిచింది. సాఫ్ట్‌వేర్ కూడా పేపర్‌బ్యాక్ నవలలా చవగ్గా దొరకాలని ఆ కంపెనీ పెట్టాడు. వాళ్ళ విపి-ప్లానర్ ధర 100 డాలర్ల లోపే, మెనూలు 1-2-3వే. 1987లో లోటస్ దావా వేసింది. 1990 జూన్ 28న మసాచూసెట్స్ జిల్లా కోర్టు జడ్జి రాబర్ట్ కీటన్ లోటస్ వైపు తీర్పు చెప్పాడు. మెనూ మాటల ఎంపిక, అమరిక రచయిత సృష్టేనని, దానికి కాపీరైటు ఉంటుందని ఆ తీర్పు సారాంశం. పేపర్‌బ్యాక్ ఆ దెబ్బకి కోలుకోలేదు. ఆస్బోర్న్ తర్వాత ఆరోగ్యం దెబ్బతిని ఇండియాకి తిరిగొచ్చి, 2003లో కొడైకెనాల్‌లో చనిపోయాడు.

ఆ తీర్పు వచ్చిన నాలుగు రోజులకే లోటస్ బోర్లాండ్ మీద దావా వేసింది. బోర్లాండ్ వాళ్ళ క్వాట్రో ప్రోకి సొంత మెనూ వేరే ఉంది. దానితో పాటు, కావాలంటే లోటస్ మెనూలాగా మారిపోయే ఏర్పాటు కూడా పెట్టారు. లోటస్ ప్రోగ్రాములోంచి ఒక్క లైను కూడా వాళ్ళు ఎత్తుకోలేదని అందరూ ఒప్పుకున్నారు. తీసుకున్నది మాటల్నీ, వాటి అమరికనీ మాత్రమే: యాభైకి పైగా మెనూల్లో సర్దిన 469 ఆదేశాలు.

ప్రోగ్రామర్లలో చాలామందికి ఈ దావాలు మింగుడుపడలేదు. ఎమాక్స్ ఎడిటర్ రాసిన రిచర్డ్ స్టాల్‌మన్, అతని తోటివాళ్ళు లోటస్ ఆఫీసు ముందు నినాదాలతో ఊరేగింపులు చేశారు. జిల్లా కోర్టులో మళ్ళీ కీటన్ తీర్పే, మళ్ళీ లోటస్ గెలుపే. ఒకే పనికి ఎన్నో మాటలున్నాయి కదా, కాపీ అనే బదులు క్లోన్ అనొచ్చు, డిట్టో అనొచ్చు, క్విట్ అనే బదులు ఎగ్జిట్ అనొచ్చు అన్నది ఆయన వాదన. కాగితం మీద సరైన వాదనే. వేళ్ళ దగ్గరికొస్తే నిలవదు. క్విట్ అంటే క్యూ, ఎగ్జిట్ అంటే ఇ. పదేళ్ళుగా క్యూ మీదికి వెళ్తున్న వేలికి ఈ రెండూ పర్యాయపదాలు కావు. బోర్లాండ్ ఆ మెనూ తీసేసి, పాత మాక్రోలు మాత్రం చదవగలిగే ఏర్పాటు మిగుల్చుకుంటే, అది కూడా తప్పేనన్నారు.

1995 మార్చి 9న బోస్టన్‌లోని అప్పీళ్ళ కోర్టు దీన్ని తిరగదోడింది. మెనూ అన్నది యంత్రాన్ని నడిపే పద్ధతి, వీసీఆర్ మీద ప్లే, స్టాప్, రికార్డ్ అన్న బటన్లలాంటిది, నడిపే పద్ధతికి కాపీరైటు ఉండదు అన్నది మెజారిటీ తీర్పు. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది జడ్జి మైకేల్ బౌడిన్ విడిగా రాసిన ఏకీభావం. ఆయన మెనూని టైపు మిషను కీల అమరికతో పోల్చాడు. మెరుగైన స్ప్రెడ్‌షీట్ ఇంకొకటి వస్తే, లోటస్ మెనూ నేర్చుకుని, మాక్రోలు రాసుకున్న జనం లోటస్‌కే బందీలుగా ఎందుకుండాలి అని అడిగాడు. నేర్చుకోవడానికి పెట్టిన శ్రమ వాడేవాళ్ళది, లోటస్‌ది కాదు అన్నాడు.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఒక న్యాయమూర్తి తప్పుకోవడంతో మిగిలినది ఎనిమిది మంది. 1996 జనవరి 16న వాళ్ళు నలుగురూ నలుగురూగా చీలిపోయారు. చీలిపోతే కింది కోర్టు తీర్పు నిలుస్తుంది గాని, దేశమంతటికీ వర్తించే సూత్రం ఏర్పడదు. బోర్లాండ్ గెలిచింది. కానీ అప్పటికే, 1994లోనే, క్వాట్రో ప్రోని నోవెల్‌కి అమ్మేసుకుంది. లోటస్‌ని 1995లో ఐబిఎమ్ కొనేసింది. జనం విండోస్‌కీ, మౌస్‌కీ, ఎక్సెల్‌కీ వెళ్ళిపోతున్నారు. ఇద్దరు కొట్టుకున్న పొలంలో నది దారి మార్చుకున్నట్టయింది.

ఎక్సెల్ ఆ వచ్చినవాళ్ళ వేళ్ళని గౌరవించింది. వ్యాపారం కోసమే అనుకోండి, అయినా గౌరవమే. స్లాష్ నొక్కితే మెనూ తెరుచుకునేలా పెట్టింది. 2007లో తన సొంత పాత మెనూలని తీసేసి రిబ్బన్ పెట్టినప్పుడు కూడా, పాత మెనూల అక్షరాలని పని చేయనిచ్చింది. ఆల్ట్, ఇ, ఎస్ వరసగా నొక్కండి: ఎడిట్ అన్న మెనూ తెర మీద లేకపోయినా పేస్ట్ స్పెషల్ తెరుచుకుంటుంది. మెనూ పోయింది, దాని దారి మిగిలింది.

పాలెట్ మర్చిపోయినది

ఇప్పుడు నా కమాండ్ పాలెట్ దగ్గరికి వస్తాను. దానికీ పాత వంశమే. 1976లో ఎంఐటీలో పుట్టిన ఎమాక్స్‌లో మెటా, ఎక్స్ నొక్కి ఆదేశం పూర్తి పేరు కొట్టొచ్చు. 2011 ప్రాంతంలో సబ్‌లైమ్ టెక్స్ట్ 2 దానికి పాలెట్ అన్న రూపమిచ్చి, పేరులో అక్కడక్కడి అక్షరాలు కొట్టినా పట్టుకునేలా చేసింది. ఆ తర్వాత విజువల్ స్టూడియో కోడ్ దాన్ని మా అందరి చేతికీ అలవాటు చేసింది. వందల ఆదేశాలుండి, వాటిలో చాలావాటిని నెలకోసారి వాడేవాడికి ఇంతకంటే మంచి సాధనం లేదు. అరుదుగా చేసే పనికి దారి గుర్తుండదు, పేరు గుర్తుంటుంది.

కానీ రోజుకి రెండొందలసార్లు చేసే పనికి పేరు అక్కర్లేదు, దారి కావాలి. ఆ దారి రేపు కూడా అక్కడే ఉండాలి. పాలెట్లో నేను కొట్టే అక్షరాలు ఆదేశానికి నేరుగా వెళ్ళవు, జాబితాకి వెళ్తాయి. ఆ జాబితాని ఎవరో వరస పెడతారు. ఆ వరస మారితే, అవే కీలు వేరే చోటికి తీసుకెళ్తాయి. నేను పెట్టిన 'ఈమధ్య వాడినవి పైకి' అన్న తెలివి, తెర చూస్తూ పనిచేసే ప్రోగ్రామరుకి సాయం. చీటీ చూస్తూ పనిచేసే పెద్దాయనకి, రాత్రికి రాత్రి ఇంట్లో మెట్ల ఎత్తు మార్చేయడం.

రెండూ కలిసి ఉండలేవా అంటే, ఉండగలవు. మన దగ్గర దుకాణాల్లో, ఆడిటర్ల ఆఫీసుల్లో అందరికీ తెలిసిన ట్యాలీ చూడండి. 1986లో బెంగళూరులో మొదలైన కంపెనీ అది. అమీర్‌పేటలో ట్యాలీ నేర్చుకున్న ఎవరినైనా నిద్రలో లేపి అడగండి: ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. 2020లో ట్యాలీప్రైమ్ వచ్చినప్పుడు ఆల్ట్, జి నొక్కితే తెరుచుకునే 'గో టు' అన్న వెతుకుడు పెట్టె పెట్టారు. నెలకోసారి చూసే రిపోర్టుకి అది. వోచర్లకి మాత్రం ఎఫ్5 ఎఫ్5గానే ఉంది.

తెలుగులో మెనూ చేసేవాళ్ళకి ఇంకో చిక్కుంది. మాట, దాని మొదటి అక్షరం, ఆ అక్షరమున్న కీ అన్న మూడు మెట్ల గొలుసు మీద లోటస్ పద్ధతంతా నిలబడింది. తెలుగులో 'తెరువు', 'తొలగించు', 'తాజాపరచు' మూడూ తకారంతోనే మొదలవుతాయి. పైగా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో త ఉండేది ఎల్ కీ మీద, కీబోర్డు ఇంగ్లీషులో ఉంటే అది త కానే కాదు. అందుకే గ్నోమ్ లాంటి వాటి తెలుగు అనువాదాల్లో 'దస్త్రం' అని రాసి, పక్కన బ్రాకెట్లో ఎఫ్ వేశారు. మాట మనది, అక్షరం వాళ్ళది. చదివేవాడు దస్త్రం అని చదివి, మనసులో ఫైల్ అనుకుని, ఎఫ్ నొక్కాలి. చదవడమే నేర్చుకోవడమయ్యే సుఖం ఇక్కడ తెగిపోయింది. తెలుగు ఆదేశాలకి, మొదటి అక్షరాలు కలవని మాటలు ఏరి ఒక జాబితా తయారుచేయడం మంచి పనే. లోటస్ వాళ్ళు ఒక ఇ-ని వదులుకున్నట్టు, మనమూ కొన్ని ఇష్టమైన మాటలు వదులుకోవాల్సొస్తుంది.

విజయవాడ ప్రోగ్రాముని తర్వాత సరిదిద్దాను. ఎస్, బి, ఎన్ అన్న పాత అక్షరాలు వెనక్కి తెచ్చి, ఏ మాట ఏ అక్షరంతో మొదలవుతుందో ఒక ఫైల్లో రాసి, దాన్ని మార్చాలంటే ఇద్దరు ఒప్పుకోవాలని మా టీములో నియమం పెట్టాను. వెతుకుడు పెట్టె ఉంది గాని, దాని వరస ఇప్పుడు మారదు. బిల్లు రద్దు చేయాలంటే ఎంటర్ చాలదు, బిల్లు నంబరు కొట్టాలి. అక్కడ మాత్రం చూసి తీరాలి.

మార్చిన రోజు మళ్ళీ ఆయన పక్కన కూర్చున్నాను. ఏం మారిందో చెబుదామని నోరు తెరిచేలోపు ఫోను మోగింది. ఆయన దాన్ని భుజానికి ఇరికించుకుని, చీటీ ముందుకు లాక్కుని, ఎస్, బి, ఎన్ కొట్టారు. మందు పేరు, లెక్క, మందు పేరు, లెక్క. ఫోను పెట్టేశాక తెర వంక ఒకసారి చూసి, "సరిపోయింది," అన్నారు. బిల్లు మొత్తం సంగతి అది. నేను చెప్పాలనుకున్నది ఇక చెప్పలేదు.